రిగ్గు అద్దె లెక్క: రోజు రేటును రోజులతో గుణిస్తే బావి ఖర్చు తేలుతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. మీ సంస్థ మొదట నేలమీద ఒక చమురు బావిని, ఆ తర్వాత 70 మీటర్ల నీటిలోతులో మరొక బావిని తవ్వించాలనుకుంటోంది. రెండింటికీ రిగ్గు (బావి తవ్వే యంత్రం) అద్దె రోజుకు ఎంత ఉంటుంది, ఆ అద్దెను పట్టే రోజులతో గుణిస్తే బడ్జెట్ తేలుతుందా, సముద్రంలో అద్దె అంత ఎక్కువ ఎందుకు, అన్నిటికన్నా తక్కువ రేటు కోట్ చేసినవారికే పని అప్పగించవచ్చా అని అడిగారు. నేను డ్రిల్లింగ్ ఇంజనీరుగా మొదలుపెట్టి, బావుల దగ్గర కంపెనీ మ్యాన్‌గా (తవ్వించే సంస్థ ప్రతినిధిగా) పనిచేసి, తర్వాత చాలా ఏళ్లు రిగ్గుల టెండర్లు, ఒప్పందాలు చూశాను కాబట్టి ఆ అనుభవం నుంచే సమాధానం రాస్తున్నాను.

ముందు అంకెలు. నేలమీద పనిచేసే 1500 హార్స్‌పవర్ ఆధునిక రిగ్గుకు రోజుకు సుమారు 20 వేల నుంచి 35 వేల డాలర్లు అనుకోండి. 750 లేదా 1000 హార్స్‌పవర్ చిన్న రిగ్గులు అంతకంటే తక్కువకే వస్తాయి. మీ 70 మీటర్ల లోతుకు కావలసింది జాకప్, అంటే సముద్రపు అడుగున కాళ్లు మోపి నిలబడే రిగ్గు. దానికి సుమారు 80 వేల నుంచి లక్షన్నర డాలర్లు. లోతైన సముద్రంలో పనిచేసే మేటి డ్రిల్‌షిప్‌లకు (బావులు తవ్వే ఓడలకు) 2023-24 సంవత్సరాలలో కుదిరిన ఒప్పందాలు చాలావరకు రోజుకు 4 లక్షల నుంచి 5 లక్షల డాలర్ల మధ్య ఉన్నాయి. వీటిని రోజులతో గుణిస్తే వచ్చేది రిగ్గు యజమానికి మీరిచ్చే అద్దె మాత్రమే. బావి ఖర్చు దానికి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. తక్కువ రేటుకే పని ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు, బావి మొత్తానికి లెక్క కట్టకుండా ఇవ్వకూడదన్నదే నా సమాధానం.

గుణకారం ఎందుకు సరిపోదో ఒక ఊహాత్మక లెక్కతో చూపిస్తాను. జాకప్ అద్దె రోజుకు 1.2 లక్షల డాలర్లు, బావికి 45 రోజులు అనుకుంటే అద్దె 54 లక్షలు. రిగ్గు నిలబడి ఉన్నంతకాలం దాని చుట్టూ తిరిగే సరఫరా నౌకలు, హెలికాప్టర్, ఇంధనం, మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే ద్రవం), సిమెంటింగ్, డైరెక్షనల్ డ్రిల్లింగ్ (బావిని కావలసిన దిశకు వంచి తవ్వడం), లాగింగ్ (రాతి పొరలను కొలిచి నమోదు చేయడం), ఒడ్డున ఉండే స్థావరం, పర్యవేక్షణ సిబ్బంది అన్నీ కలిపి రోజుకు మరో 1.3 లక్షలు అవుతాయనుకుందాం. ఆ పద్దు 58.5 లక్షలు. రిగ్గును తెచ్చుకోవడానికి, పని ముగిశాక తిరిగి పంపడానికి 40 లక్షలు. కేసింగ్ (బావి లోపలి ఉక్కు గొట్టాలు), వెల్‌హెడ్ (బావి పైముఖపు అమరిక) వంటి బావిలోనే మిగిలిపోయే సామగ్రికి 30 లక్షలు. మొత్తం 182.5 లక్షల డాలర్లు తేలుతుంది. అందులో రిగ్గు అద్దె వాటా 30 శాతం కూడా దాటలేదు. మా రంగంలో రిగ్గు అద్దెను, తక్కిన రోజువారీ సేవలను కలిపి స్ప్రెడ్ రేటు అంటారు. సముద్రంలో స్ప్రెడ్ రేటు అద్దెకు దాదాపు రెట్టింపు ఉంటుందని మొదటి అంచనాలో ధైర్యంగా వేసుకోవచ్చు. ఇంధనం విషయం విడిగా గుర్తు చేస్తున్నాను, ఎందుకంటే కొత్తవారు దీన్ని మరిచిపోవడం చాలాసార్లు చూశాను: సాధారణంగా డీజిల్ ఖర్చు రిగ్గు యజమానిది కాదు, మీది. 1500 హార్స్‌పవర్ రిగ్గు రోజుకు వేల లీటర్లు కాలుస్తుంది. యంత్రాల బలంతోనే ఒకేచోట నిలిచే డ్రిల్‌షిప్ అయితే పదుల టన్నులు.

ఇక తక్కువ కోట్ సంగతి. నేలమీది బావికి రెండు రిగ్గులు వచ్చాయనుకోండి. మొదటిదాని అద్దె 20 వేలు, రెండవదానిది 26 వేలు. తక్కిన సేవల ఖర్చు రెండింటికీ రోజుకు 25 వేలే. మొదటి రిగ్గు పాతది. పైపులను ఎత్తడం, దించడం నెమ్మది, పంపుల ఒత్తిడి తక్కువ, అందువల్ల బావికి 32 రోజులు. రెండవదానికి 26 రోజులు. అద్దె మాత్రమే చూస్తే మొదటిదానికి 6.4 లక్షలు, రెండవదానికి 6.76 లక్షలు, కాబట్టి మొదటిదే చవక. మొత్తం చూస్తే మొదటిదానికి 45 వేల చొప్పున 32 రోజులకు 14.4 లక్షలు, రెండవదానికి 51 వేల చొప్పున 26 రోజులకు 13.26 లక్షలు. చవక రిగ్గు మీద లక్షకు పైగా నష్టపోయారు. అందువల్ల టెండర్ పోలికలో రోజుకు ఎంత అన్న గడి పక్కనే బావికి ఎంత, మీటరుకు ఎంత అన్న గడులు తప్పక ఉండాలి. రోజుల అంచనా కూడా కాంట్రాక్టర్ చెప్పినది కాకుండా, అదే రిగ్గు ఇటీవల తవ్విన బావుల రోజువారీ రిపోర్టుల నుంచి మీరు స్వయంగా తీసినదై ఉండాలి.

సముద్రంలో అద్దె ఎందుకు అంత ఎక్కువన్న ప్రశ్నకు ఒక కారణం అందరికీ కనిపించేదే. నేలమీది మంచి రిగ్గు రెండు మూడు కోట్ల డాలర్లతో తయారవుతుంది. జాకప్ అంటే 20 కోట్ల డాలర్ల మాట. ఆధునిక డ్రిల్‌షిప్ 60 కోట్ల డాలర్లు దాటుతుంది. జాకప్ మీద వందమందికి పైగా, డ్రిల్‌షిప్ మీద రెండు వందలమంది వరకు రాత్రింబవళ్లు ఉంటారు. వారికి పడక, భోజనం, ప్రాణరక్షణ పడవలు, రాకపోకలు అన్నీ కావాలి. ఐదేళ్లకోసారి నౌకను తనిఖీకి పెట్టి సర్టిఫికెట్ పునరుద్ధరించాలి. ఆ వారాల్లో ఆదాయం ఉండదు.

రెండవ కారణానికి ఈ తయారీ ఖర్చుతో సంబంధం లేదు. రిగ్గు అద్దె తయారీ ఖర్చును అనుసరించి కాక, ఎన్ని రిగ్గులు ఖాళీగా ఉన్నాయన్నదాన్ని అనుసరించి నడుస్తుంది. చమురు పీపా ధర 100 డాలర్లకు పైన ఉన్న 2013 ప్రాంతంలో మంచి డ్రిల్‌షిప్‌లకు రోజుకు 6 లక్షల డాలర్లు ఇచ్చినవారున్నారు. 2016 జనవరిలో ధర 30 డాలర్ల దిగువకు పడిపోయింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందుగా కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాల) ధర సున్నాను కూడా దాటి మైనస్ 37 డాలర్లకు జారింది. ఆ కాలంలో అవే ఓడలు 2 లక్షల లోపు దొరికాయి, అయినా తీసుకునేవారు లేరు. రిగ్గులను లెక్కించే బేకర్ హ్యూస్ సంస్థ లెక్కల్లో అమెరికాలో పనిచేసే రిగ్గుల సంఖ్య 2020 ఆగస్టులో 244కు పడిపోయింది. ఆ ఏళ్లలో చాలా ఓడలు తుక్కుకు వెళ్లాయి. గిరాకీ తిరిగి వచ్చేసరికి మిగిలినవి తక్కువ కాబట్టి రేట్లు మళ్లీ 4 లక్షలు దాటాయి. పనిచేయగల రిగ్గుల్లో పదింట తొమ్మిది పనిలో ఉన్నాయంటే బేరం కాంట్రాక్టర్ చేతికి వెళ్లిపోయినట్టే.

సామర్థ్యం కూడా రేటును విడిగా పెంచుతుంది. డీప్‌వాటర్ టైటాన్ అనే డ్రిల్‌షిప్‌కు 2018 చివర్లో, మార్కెట్ ఇంకా కోలుకోని రోజుల్లోనే, ఐదేళ్లకు 83 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంటే రోజుకు సుమారు 4.55 లక్షలు. మామూలు డ్రిల్‌షిప్‌లు అందులో సగం కన్నా తక్కువకే దొరుకుతున్న సమయమది. తేడాకు కారణం దాని మీద అమర్చేది 20,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని తట్టుకునే బీఓపీ, అంటే బావి ఉప్పొంగితే మూసివేసే వాల్వుల సముదాయం, కావడం. మీ బావికి అటువంటిదేమీ అవసరం ఉండకపోవచ్చు. అవసరం లేని సామర్థ్యాన్ని టెండర్‌లో రాయవద్దని చెప్పడానికే ఈ ఉదాహరణ తెచ్చాను. 70 మీటర్లంటే సుమారు 230 అడుగులు. 300 అడుగుల తరగతి జాకప్ సాధారణంగా సరిపోతుంది, 400 అడుగులది అడిగితే ఊరికే ఎక్కువ చెల్లిస్తారు. అయితే ఒక్క మినహాయింపు ఉంది. అడుగున మెత్తని బంకమట్టి ఉంటే కాళ్లు ఇరవై ముప్పై మీటర్లు కూడా దిగబడవచ్చు, అప్పుడు కాలి పొడవు చాలదు. అందువల్ల రిగ్గును ఖరారు చేసేముందే అడుగు నేలలో బోరు వేసి మట్టి పరీక్ష చేయించండి. గట్టి పొర కింద మెత్తని పొర ఉంటే, బరువు మోపగానే ఒక కాలు ఉన్నట్టుండి కిందికి గుచ్చుకుపోయే ప్రమాదం ఉంది. మట్టి పరీక్షకయ్యే ఖర్చు ఆ ప్రమాదం ముందు లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒప్పందంలో ఒక రేటు ఉండదు, ఐదారు రేట్లు ఉంటాయి. మీకు కోట్‌లో కనిపించేది ఆపరేటింగ్ రేటు, అంటే రిగ్గు సక్రమంగా పనిచేస్తున్న గంటలకు. మీ సామగ్రి రాకో, మీ నిర్ణయం కోసమో రిగ్గు ఆగితే స్టాండ్‌బై రేటు. అది ఆపరేటింగ్ రేటులో 95 నుంచి 98 శాతం దాకా ఉంటుంది, అంటే ఆగినా దాదాపు పూర్తి ధరే. ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతున్నప్పుడు మూవింగ్ రేటు. వారి యంత్రం చెడిపోతే రిపేరు రేటు. నెలకు ఇన్ని గంటల వరకు పూర్తి రేటు ఇచ్చి, ఆ పైన సున్నా చేయడం మామూలు పద్ధతి. తుఫాను, యుద్ధం వంటివి దీర్ఘంగా అడ్డుపడితే ఫోర్స్ మజూర్ రేటు. ఇవి కాక తెచ్చుకునేందుకు మొబిలైజేషన్, పంపేందుకు డీమొబిలైజేషన్ రుసుములు. ఒప్పందాన్ని మధ్యలో రద్దు చేసుకుంటే మిగిలిన రోజుల అద్దెలో పెద్ద భాగం చెల్లించాలన్న షరతు కూడా ఎక్కడో ఒక పేజీలో ఉంటుంది. ఆ పేజీని ముందు చదవండి.

రిపేరు గంటల గురించి ఒక అనుభవం చెబుతాను. నేలమీది ఒక బావి దగ్గర నేను కంపెనీ మ్యాన్‌గా ఉండగా, ఉదయం ఆరింటికి టూల్‌పుషర్ (కాంట్రాక్టర్ తరఫున రిగ్గును నడిపే పర్యవేక్షకుడు) ముందురోజు డ్రిల్లింగ్ రిపోర్టుతో సంతకానికి వచ్చారు. ఇరవై నాలుగు గంటలూ అరగంటల ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదాని ఎదుట ఒక్కో కోడ్ రాసి ఉంటుంది. రాత్రి రెండున్నర నుంచి ఆరు వరకు ‘పంపు సర్వీసు’ అని ఉంది. మడ్ పంపులో స్వాబ్‌లు, లైనర్లు వంటి అరిగే భాగాలను మార్చడం, డ్రిల్లింగ్ లైన్ (బరువులెత్తే ఉక్కు తాడు) కోసి జరపడం వంటివి ఒప్పందం ప్రకారం రోజువారీ నిర్వహణ; వాటికి పూర్తి రేటు చెల్లించాలి. సంతకం పెట్టకుండా టార్చి పట్టుకొని పంపు దగ్గరికి నడిచాను. విప్పిపెట్టిన ఫ్లూయిడ్ ఎండ్ మాడ్యూల్ (పంపులో మడ్ ప్రవహించే ఉక్కు దిమ్మ) పంపు పక్కన ఇంకా తడిగానే ఉంది. వాల్వ్ సీటు పక్క నుంచి వెంట్రుక మందాన ఒక పగులు మూల దాకా పాకింది, ఆ గీత వెంట బూడిదరంగు మడ్ సన్నగా ఊరుతోంది. అది స్వాబ్ అరగడం కాదు, యంత్రం పగలడం. గంటకు వెయ్యి డాలర్ల అద్దె ఉన్న రిగ్గు అది. మూడున్నర గంటలంటే 3,500 డాలర్లు. మొత్తం చిన్నదే. కానీ ఆ గంటలు కలిపితే ఆ నెల రిపేరు 31 గంటలకు చేరింది, ఒప్పందంలో అనుమతి 24 గంటలే. ఆ 7 గంటలకు రేటు సున్నా అయింది. అంతకన్నా ముఖ్యంగా, మర్నాడే కొత్త మాడ్యూళ్లు సైటుకు వచ్చాయి. టూల్‌పుషర్‌కు నామీద కోపం రాలేదు. ఆయన కూడా వారాలుగా తన ఆఫీసును ఆ విడిభాగాలే అడుగుతున్నారట, సున్నా రేటు పడ్డ కాగితం ఆయనకే సాయపడింది. ప్రతి ఉదయం ఆ రిపోర్టును గీత గీతగా చదివే మనిషి మీ తరఫున లేకపోతే, ఎంత బేరమాడి తగ్గించిన రేటైనా అక్కడ కారిపోతుంది.

రిపేరు రేటు సున్నా అయినప్పుడు కూడా మీకు ఖర్చు ఆగదన్నది గమనించాలి. అద్దె ఆగుతుంది గానీ, నౌకలు, హెలికాప్టర్, సేవల సిబ్బంది మీ లెక్కలోనే తిరుగుతుంటారు. లోతైన సముద్రంలో ఇది బాగా తెలిసివస్తుంది. అక్కడ బీఓపీ సముద్రపు అడుగున ఉంటుంది. దానిలో ఒక చిన్న సీలు కారినా, బీఓపీని ఓడతో కలిపే, ఇరవై పాతిక మీటర్ల పొడవుండే రైజర్ గొట్టాలను ఒక్కొక్కటిగా విప్పుతూ పైకి లాగి, బాగుచేసి, మళ్లీ ఒక్కొక్కటిగా దించాలి. నేను చూసిన ఒక బావిలో ఆ పనికి రెండు వారాలు పోయాయి. కాంట్రాక్టర్‌కు అద్దె రాలేదు, ఆపరేటర్‌కు (బావి తవ్వించే సంస్థకు) మాత్రం రోజుకు అద్దెకు సమానమైనంత ఖర్చు అవుతూనే ఉంది. రిగ్గు తనిఖీకి మంచి స్వతంత్ర నిపుణుణ్ణి పెట్టి, లోపాలు సరిచేసేదాకా మొబిలైజేషన్ అంగీకరించకపోవడమే దీనికి నాకు తెలిసిన మందు. కొన్నేళ్లు పనిలేకుండా కట్టేసి ఉంచిన రిగ్గయితే ఈ తనిఖీ మరింత లోతుగా జరగాలి. సిబ్బందిని పూర్తిగా దించేసి వదిలిన ఓడను మళ్లీ పనిలోకి తేవడానికి కోట్ల డాలర్లు పడుతుంది. ఆ పనిలో ఏది మిగిలిపోయినా అది మీ బావి మీదే బయటపడుతుంది.

వాతావరణం కోసం వేచి ఉండే గంటలు ఎవరివన్నది మరో చిక్కు. రోజు అద్దె ఒప్పందంలో అవి సాధారణంగా ఆపరేటర్‌వే. జాకప్ కదలాలంటే అలలు బాగా తక్కువగా ఉండాలి; కాళ్లు పైకెత్తి తేలుతున్న జాకప్ పెద్ద అలలకు తట్టుకోలేదు. ఒకసారి మేము బావి ముగించి, లాగే పడవలైన టగ్గులను కట్టుకొని, అలలు తగ్గడం కోసం 11 రోజులు నిలబడ్డాం. బావిలో ఒక్క మీటరు పని లేదు, టగ్గుల అద్దెతో సహా అన్నీ నడిచాయి. బడ్జెట్‌లో ఆ పద్దుకు మేము పెట్టుకున్నది 3 రోజులు. మీ జాకప్ ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో వెళుతుందన్నది రేటు బేరం కన్నా ముందు చూసుకోవలసిన సంగతి.

నేలమీద కదలిక ఖర్చు వేరే రూపంలో వస్తుంది. రిగ్గును విప్పి, యాభై అరవై ట్రక్కుల మీద తరలించి, మళ్లీ నిలబెట్టడానికి నాలుగు రోజుల నుంచి పది రోజుల దాకా పట్టవచ్చు. ఒకే ప్యాడ్ (చదును చేసిన స్థలం) మీద అనేక బావులున్నచోట తనంతట తాను అడుగులు వేసుకుంటూ జరిగే వాకింగ్ రిగ్గులు ఆ పనిని గంటల్లో ముగిస్తాయి. మీకు ఒక్క బావే కాబట్టి ఆ సదుపాయానికి అదనపు అద్దె ఇవ్వవద్దు.

మీటరుకు ఇంత అని కట్టే ఒప్పందాల గురించో, బావి మొత్తానికి ఇంత అని కట్టే టర్న్‌కీ ఒప్పందాల గురించో కూడా ఆలోచన రావచ్చు. అక్కడ కాలయాపన భారం కాంట్రాక్టర్ మోస్తాడు, దానికి తగ్గ ధర ముందే కలుపుకుంటాడు. నేల స్వభావం బాగా తెలిసిన ప్రాంతంలో అది పనికొస్తుంది. మొదటిసారి తవ్వే చోట న్యాయమైన ధరకు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నవారు మధ్యలో వివాదానికి దిగుతారు.

గడియారం గురించి ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. మెక్సికో సింధుశాఖలో 2010 ఏప్రిల్ 20న పేలిపోయిన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుకు అంతకుముందు ఏడాదే మూడేళ్ల పొడిగింపు ఒప్పందం 54.4 కోట్ల డాలర్లకు కుదిరింది, అంటే రోజుకు దాదాపు 5 లక్షలు. అన్ని సేవలు కలుపుకొని ఆ బావి ఖర్చు రోజుకు సుమారు 10 లక్షలని లెక్క తేలింది. బావి అప్పటికే ఆరు వారాలకు పైగా ఆలస్యమైంది. పదకొండుమంది చనిపోయారు. సిమెంట్ పరీక్ష, ఒత్తిడి పరీక్ష, బీఓపీ పరీక్ష వంటి గంటలను ఆదా చేయవలసిన గంటల జాబితాలో ఎప్పుడూ చేర్చవద్దని నా ప్రార్థన. బడ్జెట్‌లో వాటికి విడిగా, ఉదారంగా సమయం రాసిపెట్టండి. అప్పుడే రాత్రి మూడింటికి ఆ నిర్ణయం తీసుకోవలసిన మనిషి మీద భారం తగ్గుతుంది.

మీలాంటి చిన్న సంస్థకు సముద్రపు బావి విషయంలో నేను సూచించేది ఇది. ఒక్క బావి కోసం దూరం నుంచి రిగ్గును తెప్పిస్తే మొబిలైజేషన్ అంతా మీ ఒక్కరి నెత్తినే పడుతుంది. చుట్టుపక్కల క్షేత్రాల్లో ఇప్పటికే జాకప్‌తో పనిచేస్తున్నవారిని, లేదా బావులు తవ్వబోతున్న మరికొన్ని చిన్న సంస్థలను సంప్రదించి, ఒకే రిగ్గును వరుసగా పంచుకునే ఏర్పాటు చేసుకోండి. రాకపోకల ఖర్చును బావుల సంఖ్యతో పంచుకోవచ్చు. మీ వంతు ఎప్పుడు మొదలవుతుంది, ముందువారు ఆలస్యం చేస్తే ఎవరు ఏం చెల్లించాలి అన్నది మాత్రం కాగితం మీద స్పష్టంగా ఉండాలి. మార్కెట్ రేటు తెలుసుకోవడానికి దళారుల మాట ఒక్కటే నమ్మవద్దు. వాలారిస్, నోబుల్ వంటి పెద్ద కాంట్రాక్టర్లు తమ ప్రతి రిగ్గు ఎక్కడుంది, ఎప్పటిదాకా పనిలో ఉంది అన్న వివరాలతో, చాలాసార్లు రేటుతో సహా, ఫ్లీట్ స్టేటస్ రిపోర్టులను క్రమంగా వెలువరిస్తాయి. వాటిలో మీ బావి మొదలుకావలసిన నెలకు అటూ ఇటూ ఏ జాకప్‌లు ఖాళీ అవుతున్నాయో గుర్తించి, ఆ యజమానులకు కనీసం ఏడాది ముందుగా లేఖ రాయండి. ఖాళీ కాబోతున్న రిగ్గు యజమాని ఇచ్చే రేటు, నిండా పనిలో ఉన్న యజమాని ఇచ్చే రేటు ఒకటి కావు.